కారు గేర్‌బాక్స్ పని షోరూంకే ఇవ్వాలా? ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

సిగ్నల్ దగ్గర బ్రేక్ వదలగానే కారు సన్నగా వణుకుతోంది. ఫస్ట్ నుంచి సెకండ్ గేర్‌లోకి మారేటప్పుడు ఓ కుదుపు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు షోరూంలో చెబితే "ఆటోమేటిక్ బండి కదా సార్, అలాగే ఉంటుంది" అన్నారు. ఏడాదిన్నర తర్వాత అదే కారుకి, అదే షోరూం వాళ్లు "గేర్‌బాక్స్ అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్" అంటూ లక్షల్లో ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఈలోగా వారంటీ అయిపోయింది. ఇలాంటి కథ చెప్పేవాళ్లు మీ ఆఫీసులోనో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో ఒక్కరైనా ఉండే ఉంటారు.

కారులో బాగా ఖరీదైన భాగాల్లో గేర్‌బాక్స్ ఒకటి. పైగా విప్పితే తప్ప లోపల ఏం జరుగుతోందో కనిపించదు. బ్రేక్ ప్యాడ్ అరిగితే చేతిలో పెట్టి చూపిస్తారు. టైరు అరిగితే మనకే తెలిసిపోతుంది. గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎదుటివాళ్ల మాటే ఆధారం. ఆ మాటను ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఇక్కడ ప్రశ్న. షోరూంలో ఉండే స్కానర్లు, కంపెనీ నుంచి వాళ్లకు వచ్చే సమాచారం బయట అంత సులువుగా దొరకవు. అందుకు వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే. కానీ వాళ్లు నోటితో చెప్పే ప్రతి మాటనూ కాగితం మీద పెట్టించుకుంటేనే మీకు రక్షణ.

"మీరు నడపడమే అలా ఉంది సార్!"

ఆస్ట్రేలియాలో జరిగిన ఒక కేసు చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. అక్కడ ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో ఫోర్డ్ కంపెనీ 'పవర్‌షిఫ్ట్' అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ పెట్టింది. వణుకు, కుదుపు, ఒక్కోసారి పికప్ పడిపోవడం... ఇలా కస్టమర్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదు తెచ్చినవాళ్లకు తరచూ వచ్చిన జవాబు ఏంటో తెలుసా? వణుకు మీ డ్రైవింగ్ తీరు వల్లే వస్తోంది అని! అంతే కాదు, డీలర్ పక్కన ఉండగా ఆ వణుకును అప్పటికప్పుడు చూపించాలని కూడా అడిగేవాళ్లు. నిజానికి ఆ సమస్య గేర్‌బాక్స్ నాణ్యతకు సంబంధించినదని కంపెనీకి అప్పటికే తెలుసు.

అక్కడి వినియోగదారుల సంస్థ ఏసీసీసీ కోర్టుకెళ్లింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ శిక్ష గేర్‌బాక్స్ పాడైనందుకు పడింది కాదు. ఫిర్యాదు తెచ్చిన కస్టమర్లతో వ్యవహరించిన తీరుకు పడింది.

మన దగ్గర కూడా 2013లో వచ్చిన ఎకోస్పోర్ట్ పెట్రోల్ ఆటోమేటిక్‌లో పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సే ఉండేది. 2017 చివర్లో వచ్చిన కొత్త మోడల్‌లో దాన్ని తీసేసి మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు.

మీ కారులో ఉన్నది ఏ గేర్‌బాక్స్?

షోరూంకి వెళ్లాలా, బయట మెకానిక్ చాలా అన్నది దీన్నిబట్టే తేలుతుంది. "ఆటోమేటిక్" అని ఒక్క మాటతో తేల్చేస్తాం కానీ అందులో నాలుగు రకాలున్నాయి.

మాన్యువల్ అయితే పెద్దగా భయపడక్కర్లేదు. క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మార్చడం చెయ్యి తిరిగిన ఏ మెకానిక్‌కైనా తెలిసిన పనే. విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాక ఆటోనగర్‌లోనో రోజూ జరిగే పని. వారంటీ అయిపోయిన మాన్యువల్ కారుని దీనికోసం షోరూంకే తీసుకెళ్లాలన్న రూలేం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. గేర్ ఆయిల్ డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని గ్రేడ్లు ఉంటాయి. "ఐదు అంటే నాలుగు కన్నా మంచిది" అనుకుని పోసేస్తుంటారు. జీఎల్-5లో ఉండే కొన్ని రసాయనాలు గేర్‌బాక్స్ లోపలి ఇత్తడి సింక్రోనైజర్ రింగుల్ని తినేసే ప్రమాదం ఉంది. మీ కారు మాన్యువల్ బుక్‌లో ఏది రాసి ఉంటే అదే పోయించండి.

ఏఎంటీ సంగతి కాస్త వేరు. 2014లో మారుతి సెలెరియోతో మన రోడ్ల మీద బాగా పాపులర్ అయిన టెక్నాలజీ ఇది. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని యాక్చువేటర్లు చేస్తాయి. అందుకే గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగినట్టు ఉంటుంది. అది దాని స్వభావం. కానీ మునుపటి కన్నా కుదుపు పెరిగితే మాత్రం అది స్వభావం కాదు, సమస్యే. ఇందులో క్లచ్ ప్లేట్ మార్చాక స్కానర్ పెట్టి క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి. ఆ పరికరం లేని షెడ్డులో ప్లేట్ బిగిస్తారు, బాగానే బిగిస్తారు, కానీ కుదుపు అలాగే ఉండిపోతుంది. మళ్లీ షోరూంకి పరుగెత్తాల్సి వస్తుంది.

సీవీటీలో మెట్లు మెట్లుగా గేర్లుండవు. రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్ట్ తిరుగుతుంది. ఆ బెల్ట్ జారకుండా పట్టు ఇచ్చేది దానికోసమే తయారుచేసిన ఫ్లూయిడ్. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ ఇందులో పోస్తే గేర్‌బాక్స్ పాడైపోవచ్చు. డ్యూయల్ క్లచ్, అంటే డీసీటీ లేదా డీఎస్‌జీల్లో రెండు క్లచ్‌లుంటాయి. వాటిలో డ్రై క్లచ్ రకమైతే కూకట్‌పల్లి, అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకినప్పుడు బాగా వేడెక్కుతాయి. టార్క్ కన్వర్టర్ వీటన్నిటిలో పాతది, మొండిది. అయినా ఆయిల్ విషయంలో మొహమాటం లేనిది.

ఈ మూడు రకాలకు స్కానర్, సరైన ఫ్లూయిడ్, ట్రైనింగ్ ఉన్న చెయ్యి మూడూ కావాలి. అవి షోరూంలో దొరకొచ్చు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లే చేసే స్పెషలిస్టు దగ్గరా దొరకొచ్చు. మీ వీధి చివర మెకానిక్ ఎంత మంచివాడైనా ఆయన్ని ఈ పనిలోకి దింపకపోవడమే ఇద్దరికీ మంచిది.

"లైఫ్‌టైమ్ ఆయిల్" అంటే ఎవరి లైఫ్?

ఆటోమేటిక్ కార్ల ఓనర్లలో చాలామంది వినే మాట ఇది. "గేర్‌బాక్స్ సీల్డ్ సార్, లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దు" అంటారు. కారు కొన్న మొదటి ఐదేళ్లలో ఆ మాట వల్ల ఏ ఇబ్బందీ రాదు. మెయింటెనెన్స్ ఖర్చు తక్కువని చెప్పుకోవడానికి కంపెనీకీ బాగుంటుంది. ఆ తర్వాత పదేళ్లు అదే కారు వాడేవాళ్ల పరిస్థితి ఏంటి?

జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ కంపెనీ సంగతి చూడండి. బీఎండబ్ల్యూ లాంటి కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు తయారు చేసి ఇచ్చేది వాళ్లే. వాడకాన్నిబట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని ఆ కంపెనీయే సలహా ఇస్తోంది. తయారుచేసినవాళ్లే మార్చమంటుంటే 'లైఫ్‌టైమ్' అన్న మాటను పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు.

అందుకే డ్యాష్‌బోర్డు అరలో పడేసిన ఓనర్స్ మాన్యువల్ బయటికి తీయండి. మెయింటెనెన్స్ పేజీలో చాలా కంపెనీలు మామూలు వాడకానికి ఒక లెక్క, కఠినమైన వాడకానికి మరో లెక్క ఇస్తాయి. ఎండ, దుమ్ము, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ అన్నీ కఠినమైన వాడకం కిందికే వస్తాయి. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రోజూ ఆఫీసుకు కారులో వెళ్లేవాళ్లు ఏ లెక్కలోకి వస్తారో వేరే చెప్పాలా?

ఇక దీనికి రెండో వైపు. మాన్యువల్‌లో ఎక్కడా లేకపోయినా 20,000 కిలోమీటర్లకే "గేర్‌బాక్స్ ఫ్లషింగ్ చేయించండి సార్, స్మూత్ అవుతుంది" అని బిల్లులో కలిపేసే చోట్లూ ఉన్నాయి. ముట్టుకోవద్దనే మాటకైనా, అప్పుడే మార్చాలనే మాటకైనా ఒకటే ప్రశ్న అడగండి. "మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చూపించండి."

ఆయిల్ మార్చేటప్పుడు గ్రేడ్ పేరు బిల్లులో ఉండాలి. హోండా సీవీటీలకు హెచ్‌సీఎఫ్-2, చాలా టయోటా ఆటోమేటిక్‌లకు ఏటీఎఫ్ డబ్ల్యూఎస్ ఇలా ఒక్కోదానికి ఒక్కో పేరుంటుంది. "గేర్ ఆయిల్" అని మాత్రమే రాస్తే ఒప్పుకోవద్దు. డిప్‌స్టిక్ లేని సీల్డ్ గేర్‌బాక్స్‌ల్లో లెవెల్ చూడటానికి కూడా ఓ పద్ధతి ఉంది. కంపెనీ చెప్పిన టెంపరేచర్‌కి ఫ్లూయిడ్ వచ్చాకే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఒక లెవెల్, వేడెక్కాక ఇంకో లెవెల్ కనిపిస్తుంది. స్కానర్ పెట్టకుండా అంచనాతో పోస్తే ఎక్కువో తక్కువో కావడం ఖాయం.

షోరూంకి ఎందుకు వెళ్లాలో చెప్పే ఉదాహరణ కూడా ఆయిల్ విషయంలోనే ఉంది. 2013 నవంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ 7 స్పీడ్ డీఎస్‌జీ ఉన్న సుమారు 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. వేడి, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గేర్‌బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ వల్ల కరెంటు సరఫరాలో సమస్య వస్తోందని, దాని బదులు మినరల్ ఆయిల్ పోస్తామని చెప్పింది. బయట మెకానిక్ అయితే "సింథటిక్కే బెస్టు" అనేవాడేమో! ఇలాంటి రీకాల్స్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు షోరూం సిస్టమ్‌లో మీ ఛాసిస్ నంబర్ కొట్టగానే కనిపిస్తాయి. రీకాల్ పనికి డబ్బులు తీసుకోరు. వారంటీ అయిపోయినా సరే, ఏడాదికోసారైనా "నా బండికి పెండింగ్ క్యాంపెయిన్ ఏమైనా ఉందా?" అని అడగడం మర్చిపోవద్దు.

"అసెంబ్లీ మొత్తం మార్చాలి" అంటే...

అసలు డబ్బు పోయేది ఇక్కడే. షోరూంలో గేర్‌బాక్స్ విప్పి లోపలి చిన్న పార్టు మార్చడం కన్నా పాతది దింపి కొత్తది ఎక్కించడమే ఎక్కువ. ప్రతిసారీ దాని వెనక మోసమే ఉందనుకోనక్కర్లేదు. కొన్ని గేర్‌బాక్స్‌లకు కంపెనీ లోపలి పార్టులు విడిగా సప్లై చేయదు. విప్పి బిగించే ట్రైనింగ్ అందరికీ ఉండదు. విప్పాక మళ్లీ సమస్య వస్తే బాధ్యత ఎవరిదన్న భయం కూడా ఉంటుంది. కానీ ఆ భయానికి అయ్యే ఖర్చు మీ జేబులోంచే పోతుంది.

విడి పార్టులు, టెక్నికల్ సమాచారం బయట మెకానిక్‌లకు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి.

కాబట్టి పెద్ద ఎస్టిమేట్ వచ్చిన రోజే సంతకం పెట్టకండి. ముందు స్కాన్ రిపోర్టు అడగండి. అందులో ఏ ఫాల్ట్ కోడ్ వచ్చిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వాళ్లు చెబుతున్న పార్టుకూ ఆ కోడ్‌కూ సంబంధం ఏంటో టెక్నీషియన్‌నే అడగండి, అడ్వైజర్‌ని కాదు. చిన్న కారణాలు చూశారా లేదా అన్నది కూడా తేల్చుకోవాలి. బ్యాటరీ వీక్ అయితే ఏఎంటీ, డీసీటీల్లో గేర్‌బాక్స్ ఎర్రర్లు రావొచ్చు. ఇంజిన్ మౌంట్ అరిగిపోతే డి లో వేయగానే దభీమని కుదుపు వస్తుంది. చాలా ఆటోమేటిక్‌ల్లో సోలెనాయిడో, వాల్వ్ బాడీనో మారిస్తే సరిపోయే సందర్భాలున్నాయి. ఇవన్నీ చూశాకే గేర్‌బాక్స్ మార్పు గురించి మాట్లాడాలి.

కారు వారంటీలో లేకపోతే ఆ రిపోర్టు పట్టుకుని ఇంకో చోట అడగండి. అదే కంపెనీకి చెందిన వేరే డీలర్ అయినా పర్వాలేదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ స్పెషలిస్టు అయినా పర్వాలేదు. వారంటీలో ఉంటే మాత్రం బయట విప్పించొద్దు. క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందని ధీమాగా ఉండేవాళ్లు దాని కాగితం ఓసారి చదవండి. క్లచ్ ప్లేట్‌ని సాధారణంగా అరుగుదల పార్టుగా లెక్కగట్టి పక్కన పెడతారు.

వరద నీళ్లలో మునిగిన కార్ల గురించి ఒక్క మాట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. అలాంటప్పుడు అందరి దృష్టీ ఇంజిన్ మీదే ఉంటుంది. గేర్‌బాక్స్‌కీ గాలి ఆడే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు అందులోంచీ వెళ్తాయి. ఆయిల్ తీసి చూస్తే పాలు కలిపినట్టు తెల్లగా ఉందంటే నీళ్లు చేరినట్టే. ఆ కారును స్టార్ట్ చేయకుండా లాక్కెళ్లి, గేర్‌బాక్స్ ఆయిల్ కూడా చెక్ చేసినట్టు జాబ్ కార్డులో రాయించండి.

జాబ్ కార్డే మీ సాక్ష్యం

ఫిర్యాదును అడ్వైజర్ తన మాటల్లో "జనరల్ చెకప్" అని రాసేస్తుంటాడు. రాయనివ్వొద్దు. "ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడు కుదుపు, ఇంజిన్ వేడెక్కాక ఎక్కువ" అని మీ మాటల్లోనే, తేదీ, కిలోమీటర్లతో సహా రాయించి కాపీ తీసుకోండి. "అలాగే ఉంటుంది సార్" అంటే, అదే ముక్క జాబ్ కార్డు మీద రాసిమ్మనండి. చాలాసార్లు అక్కడే మాట మారుతుంది. వారంటీలో ఉండగా నమోదైన ఫిర్యాదు, వారంటీ అయిపోయాక అదే సమస్య ముదిరినప్పుడు మీకు పనికొస్తుంది.

కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టినా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు కేసు వేయాలి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. అక్కడ మీ తరఫున మాట్లాడేవి ఈ జాబ్ కార్డులు, బిల్లులు, మెయిళ్లే.

ఇంకొకటి. సమస్య రోడ్డు మీద వస్తుంది, షోరూంకి వెళ్లగానే మాయమైపోతుంది. అందుకే పక్కసీట్లో ఉన్నవాళ్లకు ఫోన్ ఇచ్చి ఆర్‌పీఎం ముల్లు, స్పీడు రెండూ కనిపించేలా వీడియో తీయించండి. కుదుపు వచ్చిన క్షణంలో ముల్లు ఎగరడం అందులో కనిపించాలి. వీడియోని అడ్వైజర్ వాట్సాప్‌కి పంపి, డెలివరీ తీసుకునే రోజు ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని అరగంట ట్రాఫిక్‌లో తిప్పండి. షోరూం గేటు దగ్గర ఒక రౌండ్ వేసి తాళాలు చేతిలో పెడితే తీసుకోవద్దు. ఈ కుదుపుల్లో చాలావరకు ఇంజిన్ బాగా వేడెక్కాకే బయటపడతాయి.