బండిలో పసుపుదీపము వెలిగిన ఏమి చేయవలెను?

ఉరవకొండ ప్రాంతమున వేరుసెనగ, మిరప, పప్పుసెనగ అంగడికి చేరవలెనన్న నేడు చాలమంది రైతులకు డీజిలు పికప్ బండియే ఆధారము. వాన కురిసిననాడే పంట అన్నట్లుండు ఈ మెట్టసీమలో, చేతికందిన పంట ధర ఉన్న దినమున అంగడి చేరకున్న ఆ యేటి కష్టము వృథా యగును. అట్టి సమయముననే డ్రైవరు ఎదుట ఇంజను బొమ్మగల పసుపుదీపము వెలిగినచో, "ఇ.జి.ఆర్. పోయినది, కొత్తది వేయవలెను" అని ఒకరును, "రేకు పెట్టి మూసిన సరిపోవును" అని మరియొకరును చెప్పుదురు. ఈ రెంటికిని తొందరపడవద్దు.

ఇ.జి.ఆర్. అనగానేమి?

ఇంజనులో వేడి మిక్కుటమైనచో గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నత్రజని ఆక్సైడులు ఏర్పడును. ఇవి ఊపిరితిత్తులకు చెరుపు. ఎండలో ఓజోను పుట్టుటకు కారణమై పైరుల ఆకులను సైతము దెబ్బతీయును. పొయ్యిపై బూడిద చల్లిన మంట తగ్గును గదా! అట్లే ఒకసారి మండిన పొగలో కొంత తిరిగి ఇంజనులోనికి పంపిన వేడి తగ్గును. ఆ పొగకు దారి తెరచుచు, మూయుచు ఉండునదే ఇ.జి.ఆర్. వాల్వు. అది ఎంత తెరచుకొన్నదో సెన్సారు ఇంజను కంప్యూటరునకు తెలుపును. లెక్క కుదరనిచో దీపము వెలుగును.

బండ్లకు 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6, 50 హెచ్.పి. మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్ 4 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. కావున ట్రాక్టరు గల రైతులును ఈ విషయము తెలిసికొనుట మంచిది.

లోపము కనుగొను విధము

తాళము త్రిప్పగానే దీపము వెలిగి, ఇంజను నడువగానే ఆరిపోయిన లోపము లేదు. ఆరక నిలిచినచో లోపమున్నది. ఎఱ్ఱని ఆయిలు దీపము, వేడి దీపము వెలిగినచో మాత్రము వెంటనే బండి ఆపవలెను. పసుపుదీపము నిలకడగా ఉండి బలము తగ్గకున్న, నెమ్మదిగా మెకానిక్కు వద్దకు నడుపుకొని పోవచ్చును.

అచ్చట స్కానరు పెట్టించి సంకేతసంఖ్యను వ్రాసికొనుడు:

పి 0401: పొగ తక్కువగా వచ్చుచున్నది, మసితో దారి పూడియుండవచ్చును.
పి 0402: పొగ ఎక్కువగా వచ్చుచున్నది, వాల్వు తెరచి బిగుసుకొని యుండవచ్చును. నల్లపొగ, వణకు కనిపించును.
పి 0403: వాల్వునకు పోవు విద్యుత్తు దారిలో లోపము.
పి 0404: వాల్వు చెప్పినట్లు కదలుట లేదు.
పి 0405, పి 0406: సెన్సారు సంకేతము మరీ తక్కువ, లేక మరీ ఎక్కువ.

సంఖ్య ఎక్కడ వెదకవలెనో చెప్పును గాని, ఏ భాగము కొనవలెనో చెప్పదు.

ఖర్చులేని పని ముందు

బండి వారంటీలో నున్నచో ముందుగా కంపెనీ వర్కుషాపునకే తీసికొనిపోవలెను. లేనిచో ఇంజను చల్లారిన పిదప బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, సెన్సారు తీగలను, కనెక్టరును చూడుడు. వేరుసెనగ కుప్పల ప్రక్క నిలిపిన బండిలో ఎలుకలు చేరి తీగలు కొరుకుట కలదు. దుమ్ము, తడి, తుప్పు ఉన్న శుభ్రము చేసి గట్టిగా బిగింపవలెను.

తీగలు బాగున్నచో వాల్వు విప్పించి, అందుకై అమ్ము స్ప్రేతోను మెత్తని బ్రష్షుతోను మసి తీయించుడు. ఇనుప చువ్వతో గీకరాదు. విద్యుత్ భాగమును ద్రవములో ముంచరాదు. బిగించునపుడు కొత్త గాస్కెట్ వేయవలెను. సంకేతమును చెరిపించి కొన్ని దినములు నడిపి చూచుడు. అదే సంఖ్య మరల వచ్చినచో సెన్సారు వోల్టేజిని కొలిపించి, లోపము తేలిన పిదపనే కొత్తది కొనుడు.

రేకుతో మూయవద్దు

దారి మూసిన దీపము మరల వెలుగును, విషవాయువులు పెరుగును. అదియుగాక, తయారీదారు ఇచ్చిన రూపమునకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది.

మసి చేరకుండుటకు సరుకు ఎత్తునంతసేపు ఇంజను ఊరక నడుపవద్దు. గాలిదుమారపు నెలలలో ఎయిర్ ఫిల్టరును తరచుగా చూచుకొనుడు. పంట కోతకు ముందే ఒకసారి బండిని పరీక్షింపజేసికొన్న, అంగడి దినమున దారిలో నిలువవలసిన పని యుండదు.