ఆడపిల్లల్లో ఏడీహెచ్‌డీ, ఆటిజం: సదరం సర్టిఫికెట్‌కు ముందు తెలుసుకోండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తల్లిదండ్రులకు:

"మా పాప నెమ్మది, మతిమరుపు ఎక్కువ, అంతే" అని వదిలేయకండి.

• ధ్యాస నిలవదు, వస్తువులు పోగొడుతుంది: ఏడీహెచ్‌డీ కావచ్చు.

• మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుంటుంది, రోజూ ఒకే పద్ధతి కావాలంటుంది: ఆటిజం కావచ్చు.

రెండూ ఒకే పాపకు ఉండొచ్చు. చాలామంది ఆడపిల్లలు తోటివాళ్లను చూసి అలాగే నడుచుకుంటారు, అందుకే ఆలస్యంగా బయటపడుతుంది.

ముఖ్య గమనిక: 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. కాబట్టి ఏడీహెచ్‌డీ చీటీతో ఆగిపోవద్దు. అనుమానముంటే ఆటిజం పరీక్ష కూడా చేయమని డాక్టరును అడగండి.

సదరం స్లాట్ సచివాలయంలో బుక్ చేసుకోండి. 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.