టీకా సీసాలో పొడి ఎందుకు?

పెయ్యదూడలకు ఈసుకుపోయే వ్యాధి (బ్రూసెల్లోసిస్) టీకా వేసేటప్పుడు సభ్యులు గమనించే ఉంటారు. చిన్న సీసా అడుగున తెల్లని పొడి గడ్డ ఉంటుంది. దానిలో వేరే సీసాలోని ద్రవం కలిపి, అప్పుడు సూదిలోకి తీసుకుంటారు. ముందే కలిపి పంపితే శ్రమ తగ్గదా అని అడిగేవారి కోసం ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆ పొడిలో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. 1923లో బక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక జెర్సీ ఆవు పాలనుండి ఈ రకాన్ని వేరుచేశాడు. ప్రయోగశాలలో ఏడాదికి పైగా మామూలు గది వేడిమిలో ఉండిపోగా, దానికి రోగం కలిగించే శక్తి చాలావరకు తగ్గింది. దీనినే ఎస్-19 అంటారు. ఇవి ప్రాణంతో ఉంటేనే దూడకు రక్షణ. తడిలో ఉంచితే ఎక్కువ కాలం బ్రతకవు. పాలపొడిలాగా వేడిగాలితో ఆరబెడితే చాలావరకు చస్తాయి.

అందుచేత ముందు వీటిని సున్నాకు దిగువ సుమారు 40 డిగ్రీల వరకు గడ్డకట్టిస్తారు. తర్వాత యంత్రంలోని గాలిని తోడివేస్తారు. మామూలు గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. అది సుమారు 4.6 కంటే తగ్గితే మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. బట్టల పెట్టెలోని కలరా ఉండ తడి చేయకుండానే తరిగిపోతుంది కదా, ఇదీ అంతే. చివరకు కొద్దిపాటి వేడితో మిగిలిన తేమ తీసి, సీసా మూత బిగిస్తారు. నీటిలో నిలువ ఉండని కొన్ని మందులను, పరిశోధనశాలల రసాయనాలను కూడా ఈ పద్ధతిలోనే ఆరబెడతారు.

ద్రవం కలిపిన క్షణం నుండి ఈ రక్షణ పోతుంది. కలిపిన మందును చల్లగా ఉంచి, సీసాపై వ్రాసిన గడువులోగా వాడాలి. మిగిలినది మరునాటికి దాచరాదు. పొడి సీసాలను కూడా 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. చచ్చిన టీకా వేస్తే చెవికి పోగు, పుస్తకంలో పేరు ఉంటాయి గాని, దూడకు రక్షణ ఉండదు. అది పెరిగి సూడి కట్టి, నెలలు నిండకముందే ఈసుకుపోతే నష్టం రైతుదే. పచ్చిపాల ద్వారా, మాయను వట్టి చేతులతో తాకడం ద్వారా ఈ రోగం మనుషులకూ సోకుతుంది.

కనుక 4 నుండి 8 నెలల పెయ్యదూడలన్నిటినీ ఒకేచోట కట్టివేసి, ఆ తర్వాతే మందు కలపమని కోరండి. కోడెదూడలకు, సూడి పశువులకు ఈ టీకా వేయించరాదు. సూది మనిషికి గుచ్చుకుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. పాలు కాచి త్రాగండి.