నడకకు అదరు అంతస్తులు

2011 జూలై 5వ తేదీన దక్షిణ కొరియా రాజధానియైన సియోల్ నగరమున 39 అంతస్తుల భవనమొకటి సుమారు పది నిమిషములపాటు కంపించినది. భూకంపము లేదు; పెనుగాలి లేదు. జనులు ప్రాణభీతితో బయటికి పరుగులెత్తిరి. అధికారులు భవనమును తాత్కాలికముగా మూయించిరి. నిపుణులు విచారించి చెప్పిన కారణము విచిత్రమైనది. 12వ అంతస్తులోని వ్యాయామశాలలో సుమారు ఇరువదిమంది ఒకే తాళమునకు చేసిన తీవ్రవ్యాయామమే దానికి మూలమట!

కొండవంటి కట్టడమును ఇరువదిమంది అడుగులు కదలింపగలవా? సమాధానము అడుగుల లయలో కలదు. ఊయలను ఊచువాడు మహాబలుడు కానక్కరలేదు. అది వెనుకకు వచ్చి తిరుగు సమయమున చిన్న తోపు ఇచ్చిన చాలును; తోపు తోపునకు ఊపు హెచ్చును. దీనినే శాస్త్రజ్ఞులు అనునాదమందురు. కాంక్రీటు స్లాబునకును ఊయలకువలెనే స్వంత లయ యొకటి కలదు. దానికి సహజ పౌనఃపున్యమని పేరు.

మనుష్యుడు నడచునప్పుడు సెకండుకు సుమారు రెండడుగులు వేయును. ఆ పాదఘాతములో సెకండుకు 4, 6, 8 పర్యాయములు కొట్టు చిన్న లయలును ఇమిడియుండును. స్లాబు లయ వీనిలో దేనితోనైనను కలిసినచో ఒక్కని నడకకే అది అదరవచ్చును. మానవ శరీరము నిలువు కంపములను మిక్కిలి తీక్ష్ణముగా గుర్తించునదియు 4 మొదలు 8 వరకు గల ఈ మేరలోనే.

పూర్వపు గదులు చిన్నవి. నేటి సభామందిరములును కార్యాలయములును నడుమ స్తంభము లేని విశాలతను కోరుచున్నవి. మందము మార్చక ఆధారముల నడుమ దూరమును రెట్టింపు చేసినచో స్లాబు పౌనఃపున్యము నాల్గవ వంతునకు తగ్గును. ఆరు మీటర్ల దూరమున సెకండుకు 12 పర్యాయములు కంపించు స్లాబు, పన్నెండు మీటర్లయినచో 3 పర్యాయములు మాత్రమే కంపించును. అనగా నడక లయలకు అది చేరువగును.

కంపమును అణచు గుణము, అనగా అవరోధము, నూటికి రెండు పాళ్లే యున్నచో, అనునాదమున స్లాబు కదలిక అదే బలమును నిలకడగా మోపినప్పటికంటె 25 రెట్లు కాగలదు. అవరోధము ఐదు పాళ్లయినచో పది రెట్లకు మించదు. అడ్డగోడలును, పుస్తకముల బీరువాలును ఈ గుణమును పెంచును. వానిని తొలగించి హాలును విశాలము చేసినచో, అంతవరకు నిశ్చలముగా నున్న అంతస్తు అదరనారంభింపవచ్చును.

అదరిన అంతస్తెల్ల కూలునది కాదు. సియోల్ భవనమును కూలలేదు. బలము వేరు, బిగువు వేరు. కాని శస్త్రవైద్యుని సూక్ష్మదర్శిని క్రింద స్వల్ప కంపమైనను ప్రమాదమే. కార్యాలయములలో కూర్చున్నవారికి గురుత్వ త్వరణములో సుమారు 200వ వంతు కంపమే ఇబ్బంది కలిగించును. కట్టిన పిదప స్లాబు మందము పెంచుట దుస్సాధ్యము; క్రింద స్తంభము నిలిపినచో కోరిన విశాలత పోవును. కనుక ఇంజనీరు బరువులతోపాటు అడుగులను గూడ ముందుగనే లెక్కింపవలెను. వ్యాయామశాలను నేలమీదనే నిర్మించుట అన్నిటికంటె సులభోపాయము.