దూరపు సంబంధమైనా చుట్టరికమే!

తొర్రూరు వైశ్యుల ఇళ్లలో పెళ్లి మాటలు మొదలైతే ముందు అడిగేది ఇంటిపేరు, ఆ వెంటనే గోత్రం. ఉన్న 102 గోత్రాల్లో రెండు వైపులవీ వేరైతే పెద్దలకు నిశ్చింత. మేనరికం కూడా కాకపోతే, అది వద్దనే ఈ కాలపు పిల్లలకూ నిశ్చింతే. పిల్లను ఖమ్మం నుంచి తెచ్చుకున్నా, ఏలూరు నుంచి తెచ్చుకున్నా ‘రక్తసంబంధం లేదు’ అనే లెక్క. జన్యుశాస్త్రం మాత్రం ఆ లెక్క ఒప్పుకోవడం లేదు.

2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. దేశంలోని 25 సమూహాల నుంచి 132 మందిని తీసుకుని, ఒక్కొక్కరి డీఎన్ఏను 5,60,123 చోట్ల పోల్చి చూశారు. మాల, మాదిగ, వెలమ, చెంచు, వైశ్య... మనవాళ్లు చాలామందే ఉన్నారందులో. తేలింది ఏమిటంటే, దాదాపు అందరమూ రెండు ప్రాచీన జనసమూహాల కలగలుపే, పాళ్లే వేరు. రక్తశుద్ధి పేరుతో మీసం మెలేసేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదువుకోవాలి.

అసలు విశేషం తర్వాతిది. కలిసిన జనం మళ్లీ విడివిడిగా గిరి గీసుకున్నారు. నేటి వైశ్యుల వంశమూలం వందకు పైగా తరాల కిందటి కొద్దిమంది పూర్వీకుల దగ్గర తేలింది. అప్పటినుంచి తరానికి ముప్పైమందిలో ఒక్కరైనా బయటివాళ్లు వచ్చి కలిసినట్టు లేదు. తరానికి పాతికేళ్లు వేసుకున్నా ఇది 2,500 ఏళ్ల మాట! కులం ఇంతగా బిగుసుకున్నది బ్రిటిషువాళ్ల జనాభా లెక్కల వల్లేననే వాదన ఈ ఒక్క ఉదాహరణ ముందు నిలవడం కష్టం.

ఇంత పాత సంగతి ఎలా తెలిసింది? దీని వెనుక న్యూయార్క్‌లో పండ్ల ఈగల మీద జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ చేసిన ప్రయోగాలున్నాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చే క్రోమోజోములు ప్రతి తరంలోనూ తెగి, ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయి. ఆ లెక్కతోనే ఆయన శిష్యుడు స్టర్టెవాంట్ 1913లో మొట్టమొదటి జన్యుపటం గీశాడు. తరాలు గడిచేకొద్దీ ముక్కలు చిన్నవవుతూ పోతాయి కాబట్టి, ఇద్దరిలో ఒకేలా ఉన్న డీఎన్ఏ ముక్క ఎంత పొట్టిదైతే, ఉమ్మడి తాత అంత వెనకటివాడన్నమాట.

కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చిన జనంలో వాళ్ల జన్యులోపాలూ ఎక్కువగా కనిపించవచ్చు. అదెలాగో చూడటానికి ఆపరేషన్ థియేటర్‌లోకి వద్దాం. మత్తిచ్చాక గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను సడలించే మందు ఇస్తారు. సక్సినైల్‌కోలిన్ అలాంటిదే. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని వెంటనే విరగ్గొడుతుంది కాబట్టి కొద్ది నిమిషాల్లోనే మనిషి తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము లోపించినవాళ్లకు ఆ మందు ప్రభావం గంటల తరబడి దిగదు. వెంటిలేటర్ మీద ఉంచితే తేరుకుంటారు. ఉంచకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈ లోపం ఇతరులకంటే వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువ! కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో బూపతి బృందం 2006లో దీని జాడ పట్టింది. ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. అంతే తేడా.

ఈ తేడా ఉన్న జన్యువు ఒక్క కాపీ మాత్రమే ఉన్నవాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. తల్లికీ తండ్రికీ ఒక్కోటి ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ముప్పు. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసిన లెక్కే ఇది.

ఇది ఒక్క కులం కథ కాదు. 2017లో తంగరాజ్, రైక్‌ల బృందం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో పూర్వీకుల ఇరుకు, అంటే కొద్దిమంది నుంచే అందరూ పుట్టుకొచ్చిన తీరు, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులకంటే తీవ్రంగా కనిపించింది. ఆ యూదులు ఊరికే కూర్చోలేదు. న్యూయార్క్‌లో యోసెఫ్ ఎక్‌స్టైన్ అనే మతగురువు 1983లో ‘డోర్ యెషోరిమ్’ అనే సంస్థ పెట్టాడు. సంబంధం ఖాయం చేసుకునే ముందు మనం జాతకాలు చూసినట్టు, వాళ్లు జన్యువులు చూస్తారు. ఫలితం గుట్టుగానే ఉంటుంది. ఇద్దరికీ పొసగదంటే ఆ మాట ముందే చెబుతారు. మన కుల సంఘాలు కళ్యాణ మండపాలతో పాటు ఈ పనీ తలకెత్తుకోవచ్చు కదా!

అంతవరకూ ఒక్కటి చేయండి. తొర్రూరులోనైనా వరంగల్ దవాఖానలోనైనా ఆపరేషన్‌కు వెళ్తే, ఇంట్లో ఎవరైనా గతంలో మత్తు నుంచి తేరుకోవడానికి ఆలస్యమై ఉంటే ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. వైశ్యులైతే ఆ మాట దాచకండి. ఎంజైము పరీక్షకు కాస్త రక్తం చాలు. కండరాలు సడలించడానికి వేరే మందులున్నాయి.