ఇల్లాలి చేతి చాకు



ఇంటిలో కత్తిపీట యుండగా ఇల్లాలికి వేరొక చాకెందుకని కొందరు ప్రశ్నింపవచ్చును. కాని కత్తిపీట వంటింటిని విడిచి రాదు. అడకత్తెర వక్కలకే పనికివచ్చును. కొడవలి చేనికి చెందినది. ఈ మూటికిని నడుమ దినమునకు పదిమార్లు అవసరపడు చిన్న పనులు పెక్కు గలవు. పొట్లమునకు కట్టిన పురికొస తెంపుట, బస్సులో పిల్లలకు జామకాయ కోసి యిచ్చుట, నిమ్మకాయ చెక్కలు చేయుట, పూలమాల కట్టి దారము త్రుంచుట మున్నగునవి యిట్టివి. అట్టివేళల మనలో ననేకులు పంటితో కొఱుకుదుము; లేదా పెద్దకత్తి తెచ్చి చిన్నపని చేయబూనుదుము. పంటికి గాని చేతికి గాని చేటు మూడుట అప్పుడే.

మా యింట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. రెండేండ్ల క్రిందట ఒక అంగడిలో తళతళలాడు మడతచాకు నొకదానిని కొంటిమి. పిడి రంగురంగులది, చూడ ముచ్చటగా నుండెను. మా చిన్నమ్మాయి పచ్చిమామిడికాయ కోయుచుండగా, టెంకకు తగిలి అలుగు వెనుకకు మడచుకొని ఆమె వ్రేలిపై బడినది. మూడు కుట్లు వేయవలసివచ్చెను. తప్పు బిడ్డది కాదు. మెఱుపు చూచి కొన్న మాది. ఈ యేడు ఆ పిల్లకే పట్టణములో ఉద్యోగము దొరకినది. ఒంటిగా వండుకొనవలసిన దానికి సామాను సర్దుచుండగా, “అమ్మా, ఈసారి మంచి చాకు చూచి యియ్యి” అని తానే యడిగినది. భయపడి వలదనుట తగునా? మంచిదాని నెంచి యిచ్చుట తగునా? రెండవదియే తగునని తోచి, జనగామకు చేరువనున్న మా బచ్చన్నపేటలోని కమ్మరి కొలిమికి పోయితిమి.

మన తెలంగాణపు నేలకు ఉక్కు క్రొత్తది కాదు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కు పూర్వము పారశీక దేశమునకు ఎగుమతి యగుచుండెడిది. సర్వే శాఖలో పనిచేసిన వాయిసీ యను వైద్యుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఆంగ్లేయులు దీనిని ‘వూట్జ్’ అనిరి. ఆ మాట మన ‘ఉక్కు’ అను పదమునుండియే పుట్టినదని పలువురు పండితుల యభిప్రాయము. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు పండితులు కలసి ఉత్తర తెలంగాణమున తిరిగి, పాతకొలుముల చిట్టెపు దిబ్బలను పరిశోధించిరి. మూసల పని అంతరించినది. నేడు పల్లెకమ్మరులు పెక్కుచోట్ల పాతలారీల కమాను పట్టీలను కాచి కత్తులు సాగదీయుదురు. ఈ పట్టీల ఉక్కు నాసిది కాదు. బరువుకు వంగి మరల లేచుటకై చేసినది గనుక దానికి బిగువును కలదు, పదునును నిలుచును.

ఇక చాకు నెంచుకొను విధము.

మొదట చూడవలసినది అలుగు. నిత్యము వెంట నుంచుకొను చాకునకు మూడంగుళముల అలుగు చాలును. అంతకు మించినచో సంచిలో ఇమడదు, పండు తొక్క తీయుటకును వీలుపడదు. వీపు మరీ మందముగా నున్నచో కాయను కోయదు, చీల్చును. మా కొలిమి పెద్దయ్య ఎఱ్ఱగా కాగిన అలుగును నూనెలో ముంచి తీసి, మరల సన్నని సెగపై వెచ్చచేసి, లేతగోధుమ వన్నె రాగానే ఆపినాడు. ఎందుకని యడుగగా, “అమ్మా, పదును ఎక్కువైతె పెళుసైతది, తక్కువైతె వంగుతది” అని నవ్వినాడు. కత్తి మంచిచెడ్డలన్నియు ఈ రెండు మాటలలోనే యున్నవి.

రెండవది లోహము. నల్లయుక్కు తేలికగా సానకు లొంగును, చక్కని వాదర నిచ్చును; కాని చింతపండు, నిమ్మరసము తగిలిన నల్లబడును, తడిగా విడిచిన త్రుప్పుపట్టును. త్రుప్పుపట్టని ఉక్కులో నూటికి 10.5 వంతులకు తక్కువ కాకుండ క్రోమియము చేరును. అది శ్రమ తక్కువ పెట్టును గాని, చౌకరకములు త్వరలోనే మొద్దువారును. తుడుచు ఓపిక గలవారు మొదటిదానిని, తీరికలేనివారు మంచిరకపు రెండవదానిని కొనుడు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, అలుగు నిలుకడ. మడతచాకే కావలెనన్నచో తెరచిన పిమ్మట కదలక నిలుపు బందు కలదో లేదో చూడుడు. ఫ్రాన్సు దేశపు సవాయి కొండసీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనునాతడు చెక్కపిడి మడతచాకు నొకదానిని చేసెను. అది లోకప్రసిద్ధమైనను, అలుగును బిగించు ఉంగరము దానికి చేరినది 1955లో మాత్రమే. అనుభవము నేర్పిన పాఠమును వారంత కాలమునకు అమర్చుకొనగా, మేము మూడు కుట్లతో నేర్చుకొంటిమి! బందు లేనిచో మడతలేని చిన్నకత్తియే మేలు. తోలు ఒర యుండిన చాలును. మేము అట్టిదానినే చేయించితిమి.

నాలుగవది పిడి. తడిచేతికి జారనిది, నాలుగు వ్రేళ్లకును చోటిచ్చునది కావలెను. మాదానికి తుమ్మకఱ్ఱ పిడి వేసి రెండు చీలలతో బిగించిరి. పిడిని పట్టి అలుగును అటునిటు కదల్చి చూడుడు. ఏమాత్రము వదులున్నను తీసికొనవలదు. కొనువేళ ఒక పలుచని కాగితమును కోసి చూచుట మంచి పరీక్ష. చిరుగక తెగిన వాదర బాగుగ నున్నట్లు.

పిమ్మట సంరక్షణ. మొద్దుకత్తియే చేతిని కోయునని పెద్దల యనుభవము. దానిపై బలము మోపుదుము గనుక అది జారును. పదునైనది చెప్పిన చోటనే తెగును. వారమున కొకమారు తడిసానపై, అలుగును కొంచెమే యెత్తిపట్టి, ఇరువైపుల సమముగా నూరవలెను. సానరాయి లేనివారు పింగాణిగిన్నె అడుగున మెఱుగులేని వలయమును వాడుకొనవచ్చును. పని కాగానే కడిగి, తుడిచి, నల్లయుక్కైనచో కొబ్బరినూనె చుక్క రాయుడు. తడిసిన చాకును తోలు ఒరలో దూర్చరాదు.

కత్తిని చేతి కీయరాదు, క్రింద పెట్టినచో ఎదుటివారు తీసికొనవలెనని మన యిండ్లలో నొక యాచారము కలదు. దీనిని మూఢమని త్రోసివేయకుడు. వ్రేళ్లను కాపాడు నీతి అందు దాగియున్నది. చట్టమును తెలిసికొనవలెను. తొమ్మిదంగుళములకు మించిన పొడవు గాని, రెండంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగు, ఇంటిపనికిని సేద్యమునకును ఉద్దేశింపబడనిదైనచో, ఆయుధముగా నెన్నబడును. మన మూడంగుళముల చాకునకు ఆ చిక్కు లేదు. కాని విమానములో దానిని చేతిసంచిలో నుంచనీయరు. పెద్దపెట్టెలో వేసి అప్పగింపవలెను.

మా యమ్మాయి వెళ్లునాడు చాకును ఒరతో సహా పసుపుకుంకుమల ప్రక్కన పెట్టితిమి. ఆమె తీసికొని, మచ్చ మిగిలిన ఆ వ్రేలితోనే పిడిని తడవి చూచి, సంచిలో వేసికొనెను. పదిదినములకు ఫోనులో, “అమ్మా, నిన్న మామిడికాయ కోసితిని, భయము వేయలేదు” అని చెప్పినది. పనిముట్టుకు వెఱచి బిడ్డను దానికి దూరముగా పెంచుటకంటె, మంచిదాని నిచ్చి వాడుక నేర్పుట మేలని మాకప్పుడు తెలిసినది. మీ యూరిలో కొలిమి యింకను మండుచున్నచో, ఒకమారు పోయి మీ చేతికి తగిన చాకును చేయించుకొనుడు. మీకు పనిముట్టు దొరకును. ఆ కొలిమికి ఒక పూట పని దొరకును.