తెగిన వ్రేలును, రోగి వయస్సును

ధర్మవరము నేతగాఁడు జరీపోగు తెగినదని కంటికన్న ముందు వ్రేలికొనతో నెఱుంగును. అట్టి వ్రేలు మరమగ్గమునఁ బడి తెగినచో, దాని నతికించినంత మాత్రమునఁ జాలదు. దానికి స్పర్శ రావలెను.

ఈ పనికి సూక్ష్మ శస్త్రచికిత్స యని పేరు. వైద్యుఁడు సూక్ష్మదర్శినిలోఁ జూచుచు, ఇంచుమించు 1 మిల్లీమీటరు వెడల్పుగల రక్తనాళములను గుట్టును. ఆ దారము మిల్లీమీటరులో 50వ వంతు మందము. హిందూపురము విపణికి వచ్చు పట్టుగూటి ఒంటిపోగును సుమారుగా నంతియే. పూర్తిగాఁ దెగిన బొటనవ్రేలిని 1965లో జపాను వైద్యు లిట్లే యతికించిరి.

మన వాడుకలో రక్తనాళమును నరమే, స్పర్శను దెచ్చునదియు నరమే. కాని వయస్సు ఈ రెంటియందును వేఱువేఱుగాఁ బనిచేయును. పసివాని రక్తనాళములు మిక్కిలి సన్ననివి గనుక కుట్టుట కష్టము. వృద్ధుని నాళముల గోడలు గట్టిపడియుండవచ్చును. మధుమేహమును, పొగాకును వానిని మఱింత చెఱచును.

స్పర్శనరము సంగతి వేఱు. కుట్టిన పిదప నందలి పోగులు దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పునఁ బెరుగవలెను. మణికట్టుకడఁ దెగినచో వ్రేలికొనఁ జేరుటకు ఆఱునెలలు పట్టును. అన్ని పోగులును పూర్వపు చోట్లకే చేరవు; కావున మెదడు క్రొత్త లిపి నేర్చినట్లు స్పర్శను మరల నేర్వవలెను. ఇందు బాలురు పెద్దలను మించుదురు. ఉపాధ్యాయుల కిది వింతకాదు. 1962లో బోస్టను నగరమున రైలు ప్రమాదమునఁ జేయి తెగిన 12 ఏండ్ల బాలునకు దాని నతికించి, కొన్ని నెలలకు నరములను గుట్టఁగా, ఆ చేయి మరలఁ బనికివచ్చెను.

“ముసలివాని కింత చికిత్స యేల?” యనుట మన యిండ్లలోఁ గలదు. అది సరికాదు. కాన్సరు తీసిన దవడకు వేఱొకచోటి కండను రక్తనాళముతోఁ గూడఁ దెచ్చి కుట్టినపుడు, 70 ఏండ్లు దాటినవారియందును ఆ కండ యువకులయందువలెనే బ్రదుకుచున్నది. అధికమగునది గుండె, ఊపిరితిత్తులవలని యాపద. కాబట్టి వైద్యుఁడు ఏండ్లు లెక్కించుటకన్న గుండెను, రక్తములోని చక్కెరను ముందుగాఁ బరీక్షించును.

హిందూపురమునుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. పెనుకొండ, ధర్మవరములనుండి దూర మధికము. అయినను చల్లగా నుంచిన వ్రేలు ఆ ప్రయాణమున కోర్చును. తెగిన వ్రేలిని శుభ్రమైన తడిగుడ్డలోఁ జుట్టి, నీరు చొరని సంచిలో నుంచి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలోఁ బెట్టి రోగితోఁ గూడఁ గొనిపోవలెను. మంచుగడ్డ వ్రేలికిఁ దగులరాదు. తగిలినచోఁ గండ చచ్చును.